రొట్టెల చప్పుడు

మా దీప కోసం జపాన్‌లో అంబులెన్స్ వచ్చింది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, కళ్ళు తిరిగి పడిపోనూ లేదు. గదిలో ఉక్కగా ఉందని దుప్పటీ దిండూ చంకన పెట్టుకుని హాస్టల్ ముందున్న పచ్చిక మీదికి పోయి పడుకుంది, అంతే. మా వైపు ఎండాకాలంలో ఇంటి లోపల పడుకున్నవాళ్ళనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఊరంతా మిద్దెల మీదే కదా ఉండేది. అక్కడ మాత్రం కుక్కను తిప్పడానికి వచ్చిన పెద్దాయన ఎవరో చూసి, ఆడపిల్ల పడిపోయి ఉందని ఫోన్ చేశాడట. నలుగురు వచ్చి టార్చి వేసి లేపితే ఇది లేచి కూర్చుని, "వానొచ్చిందా?" అని తెలుగులో అడిగిందట.

ఈ సంగతి విన్నప్పుడు నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ తర్వాతి సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది.

నా పేరు రేణుక. ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిల్ వెనక సందులో జాకెట్లు కుడతాను. ఇల్లూ అంగడీ ఒకటే. ముందు గదిలో మిషన్, వెనక గదిలో పొయ్యి. మా ఆయన ఈరేష్ ఆటో తోలతాడు. నాకు కోపం ఎక్కువని సందులో పేరుంది. ఉంటే ఉండనీ. గుడ్డ ఇచ్చిన రోజే జాకెట్ కావాలని గుమ్మంలో నిలబడేవాళ్ళతో నెమ్మదిగా మాట్లాడుతూ కూర్చుంటే మిషన్ తిరగదు.

దీప నా చెల్లెలు, నాకంటే ఆరేళ్ళు చిన్నది. ఆదోనిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు, కానీ చదువు దగ్గర కూర్చుంటే పక్కన పిడుగు పడినా లేవదు. వాళ్ళ లెక్చరర్ మధుసూదన్ సార్ ఈ చదువు సంగతి కనిపెట్టి దానితో అర్జీ పెట్టించాడు. జపాన్‌లో సముద్రం పక్కన ఇసుక దిబ్బల ఊరు ఒకటి ఉందట. అక్కడి యూనివర్సిటీ వాళ్ళు వానలు సరిగా పడని దేశాల నుంచి కొంతమంది పిల్లలను పిలిపించుకుని, తక్కువ నీళ్ళతో ఇసుకలో పంట తీయడం ఎట్లాగో వేసవిలో నాలుగు వారాలు నేర్పుతారు. రానూపోనూ ఖర్చులు వాళ్ళవే. మా జిల్లాలో ఎంపికైంది దీప ఒక్కతే.

మా అమ్మ మద్దమ్మ ఆ మాట విని, ఇసకలో ఎవరన్నా పంట పెడతారా, వాళ్ళకేం పని లేదా అంది. మా నాయన బజారి బీడీ ఆర్పేసి, "మన నల్లరేగడిలో మాత్రం యాడ పండినాదే? పోనీలే, సూసి రానీ" అన్నాడు. మా నాయన నెలకు రెండు మాటలు మాట్లాడతాడు. ఆ నెల కోటాలో ఒకటి అట్లా దీపకు పనికొచ్చింది.

అది విమానం ఎక్కిన రోజే అమ్మ సంచిలో జొన్నపిండి వేసుకుని నా ఇంటికి వచ్చేసింది. మా ఊళ్ళో ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కి మూలకు పోయి నిలబడాలి. నాయనకు పత్తి విత్తనం పని ఉంది కాబట్టి ఆయన ఊళ్ళో ఉండిపోయాడు. అమ్మా నేనూ ఒక ఇంట్లో నాలుగు వారాలు ఉండడమంటే ఏమిటో ఈరేష్‌కు బాగా తెలుసు. శ్రావణం వస్తోంది, ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి బాడుగలు బాగా దొరుకుతాయి, ఇంక ఇంటి పట్టున ఉండను అని ముందే చెప్పేసి తప్పించుకున్నాడు.

అంబులెన్స్ వచ్చిన మర్నాడు మధుసూదన్ సార్ ఫోన్ చేశాడు. అక్కడ పిల్లల బాగోగులు చూసే మేడం మాతో మాట్లాడాలంటోందట. మధ్యాహ్నం నా అంగట్లోనే మిషన్ మీద ఫోన్ నిలబెట్టి వీడియోలో కూర్చున్నాం. సార్ ఆదోని నుంచి కలిశాడు. ఆ మేడం పేరు మియురా. మా అమ్మ వయసే ఉంటుంది. తెల్లటి చిన్న మొహం, మాట్లాడే ముందు తల వంచి మాట్లాడుతుంది. ఆమె ఇంగ్లీషులో చెప్పేది సార్ తెలుగులో చెప్పాడు, అమ్మ చెప్పేది ఆయన ఇంగ్లీషు చేసి ఆమెకు చెప్పాడు.

పాపకు ఇంటి దగ్గర ఏమైనా దిగులుందా, ఎప్పుడైనా ఇట్లా బయటికి పోయి పడుకునే జబ్బు ఉండేదా అని ఆమె మెల్లగా అడిగింది. అమ్మకు కోపం వచ్చింది. "జబ్బేంది సార్? ఎండాకాలం బయట పండుకోకుండా పెట్టెలో పెట్టినట్ల ఇంట్లో పండుకుంటారా? ఆయమ్మ పండుకుంటాదేమో అడుగు సార్" అంది. సార్ దాన్ని ఎట్లా మార్చి చెప్పాడో గానీ, మియురా మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తను చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళ అవ్వగారి ఊళ్ళో అందరూ వసారాలోనే పడుకునేవాళ్ళని చెప్పింది. మంచి మనిషి.

మంచి మనిషి కాబట్టే తర్వాత చెప్పింది అట్లా చెప్పింది. పచ్చిక సంగతి కాదు, దీప వచ్చినప్పటి నుంచి సరిగ్గా నిద్రే పోలేదు. క్లాసులో కూర్చున్నది కూర్చున్నట్టే తూలుతోంది. వచ్చే శనివారం పిల్లలందరినీ ఇసుక దిబ్బల మీదికి తీసుకుపోతారు, ఎండలో రోజంతా పని. నిద్ర లేని పిల్లను ఆ ఎండలోకి పంపడానికి డాక్టరు ఒప్పుకోవడం లేదు. దిబ్బల మీద పని చేయకపోతే ఆ చదువు పూర్తయినట్టు కాదు. శుక్రవారం దాకా చూస్తాం, రోజూ పడుకునే వేళకు నేనే పోయి తలుపు తీసి చూస్తాను, నిద్ర పడితే సరి, లేకపోతే పాపను క్షేమంగా ఇంటికి పంపించేస్తాం, అంది.

దీపతో విడిగా మాట్లాడాను. ఎప్పుడూ గలగలలాడేది, ఆ రోజు ముక్తసరిగా జవాబులు చెప్పింది. పుట్టిన దగ్గర నుంచి అది ఒంటరిగా ఒక గదిలో పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు. ఊళ్ళో ఉండేదే ఒక గది, అందులో అందరం వరసగా చాపల మీద. ఆదోని హాస్టల్లో పెద్ద హాలు, నలభై మంది ఆడపిల్లలు, ఒకరి కాలు ఒకరి మీద. అక్కడేమో గదికి ఒక్కరే, అది నియమం. తలుపు వేసుకుంటే చీమ నడిచిన చప్పుడు కూడా ఉండదట. ఆ నిశ్శబ్దానికే భయమేస్తోంది అంది. పోనీ వచ్చేస్తావా అని గట్టిగానే అడిగాను, దాని మనసు తెలుసుకుందామని.

"నాకి ఈడ ఉండాలని ఉండాది అక్కా" అని ఏడ్చింది. "ఇసకలో దోసకాయలు పండిస్తాండారు. ఉత్త ఇసక. నా సేత్తో పాదు పెట్టినా. అది మొలిసేది సూడకుండా ఎట్ల వస్తును? నిద్ర ఒగటే రాకుండా పోయింది."

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. అది ఆగడం నాకు ఇష్టం లేదు. నిద్ర రాలేదని తిరిగొచ్చిందంటే మా ఊళ్ళో ఎగతాళి చేస్తారు, అది వేరే సంగతి. దాని పాదు అది చూడాలి. నాకు అంతే.

అక్కడ వాళ్ళు పడుకునే వేళకు మాకు సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు వీడియో పెట్టి ఉంచుదాం, ఇంట్లో మనుషులు ఉన్నట్టు ఉంటుంది అని అమ్మే ఉపాయం చెప్పింది. బాగానే ఉంది. కానీ మొదటి రోజు అమ్మ ఊరి కబుర్లు మొదలుపెట్టింది. ఎవరి ఎనుము ఈనింది, తిప్పమ్మ కోడలితో ఎందుకు పోట్లాడింది, గట్టు తగాదాలో ఎవరి తల పగిలింది. దీపకు నిద్ర రావడం మాట అటుంచి, లేచి కూర్చుని దిండు ఒళ్ళో పెట్టుకుని "తర్వాత?" అని అడుగుతోంది. మియురా మేడం తలుపు తీసి చూసేసరికి ఇద్దరూ పకపకా నవ్వుతున్నారు. ఆమె నిట్టూర్చి తలుపు వేసుకుని పోయింది.

రెండో రోజు అమ్మ కబుర్లు మానేసి, పండుకో, కండ్లు మూసుకో, ఇంగా పండుకోలేదా అని నిమిషానికొకసారి గదమాయించడం మొదలుపెట్టింది. అట్లా అరిస్తే ఎవరికి నిద్ర వస్తుంది? నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను, అమ్మ నా మీద విరుచుకుపడింది. దీప అటునుంచి ఇద్దరినీ సముదాయించింది. ఇంక దానికి నిద్ర ఎక్కడిది.

మూడో రోజు పిండి డబ్బాకు ఫోన్ ఆనించి, ఎవరూ మాట్లాడవద్దని నేనే ఆర్డర్ వేశాను. అమ్మ పచ్చిమిరపకాయలు తేవడానికి అంగడికి పోయింది. ఈరేష్ ఆకలితో వస్తాడు. పొద్దున్నుంచి శ్రావణం జాకెట్లు కుట్టి నా నడుము పడిపోయింది, అయినా తప్పేదేముంది, వేడినీళ్ళు పోసి పిండి కలిపి రొట్టెలకు కూర్చున్నాను. జొన్న రొట్టె ముద్ద పీట మీద పెట్టి అరచేత్తో తట్టి తట్టి వెడల్పు చేయాలి. చేతనైనవాళ్ళు తడుతూనే తిప్పుతారు, చప్పుడు వాన పడ్డట్టు ఒకే ధారగా ఉంటుంది. మా అమ్మది అట్లాంటి చెయ్యి. నాది వేరే. నేను నాలుగు దెబ్బలు తట్టి, ఆగి, తిప్పి, మళ్ళీ నాలుగు దెబ్బలు తడతాను. నా రొట్టె తట్టడం కుంటి గుర్రం నడకలాగ ఉంటుందని అమ్మ ఎప్పుడూ వెక్కిరిస్తుంది.

మూడో రొట్టె పెనం మీద వేసి ఫోన్ వైపు చూశాను. దీప నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జుట్టు మొహం మీద పడింది, తీసుకోలేదు. నిద్రపోయింది.

ఆపితే లేస్తుందేమోనని తట్టిన రొట్టెనే మళ్ళీ ముద్ద చేసి తట్టాను. అమ్మ మిరపకాయలు పట్టుకుని వచ్చి, చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. పెనం మీది రొట్టె మాడిపోతున్నా ఇద్దరం పట్టించుకోలేదు. కాసేపటికి అక్కడ తలుపు తెరుచుకుంది. మియురా మేడం వచ్చి దీప మీదికి వంగి చూసింది, తర్వాత ఫోన్లో మమ్మల్ని చూసి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్ర అని సైగ చేసింది.

అమ్మ సంబరం చెప్పనలవి కాదు. సందులో అందరికీ చెప్పింది, నా బిడ్డకు రొట్టెల చప్పుడు వినకపోతే నిద్ర రాదంట, జపాన్‌లో రొట్టెలు తట్టేవాళ్ళు యాడుంటారు అని. మర్నాడు సాయంత్రం ఆరింటికే మొహం కడుక్కుని, కొప్పు బిగించి ముడేసుకుని, పొయ్యి ముందు తనే కూర్చుంది. నన్ను మిషన్ దగ్గరికి పొమ్మంది. ఆ చేతి పనితనం ఏమని చెప్పను. చప్పుడు ఒకే ధారగా సాగింది. ఇంటికి కావలసినవి అయిపోయాయి, పక్కింటివాళ్ళకు కూడా చేసింది. దీప కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. అమ్మను చూస్తూ పడుకుంది, అంతే.

నేను వచ్చి, లేమ్మా, నడుము నొప్పి పుడుతుంది, ఇంక నేను చేస్తా అని కూర్చున్నాను. నాకేమీ తెలియదు, ఒట్టు. నాలుగు దెబ్బలు, ఆగి, తిప్పి, నాలుగు దెబ్బలు. రెండు రొట్టెలు కాకముందే దాని నోరు తెరుచుకుంది.

అమ్మ ఫోన్ వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. లేచి ముందు గదిలోకి పోయి, కత్తిరించిన గుడ్డ పీలికలు ఏరడం మొదలుపెట్టింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. మూడోసారి పిలిచేసరికి నాకు ఒళ్ళు మండింది, అలక దేనికి అని అడిగేశాను.

"కన్నది నేను" అంది అమ్మ. "నేను తడితే రాని నిద్ర నువ్వు తడితే ఎట్ల వస్తాది మే దానికి?"

నాకున్న పాడు నోటికి తాళం ఎక్కడిది. "నువ్వు సుగ్గికి పోతే రొట్టెలు తట్టినది ఎవరు?" అనేశాను.

మా వైపు సుగ్గి అంటే కూలి కోసం ఊరు వదలడం. సంక్రాంతి దాటితే మా పల్లెల్లో పని ఉండదు. ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి లారీల్లో పోతారు, ఉగాదికో ఆ తర్వాతో వస్తారు. మా అమ్మానాయనా ఏటా పోయేవాళ్ళు. బడి పోతుందని మమ్మల్ని ఇంట్లో వదిలేవాళ్ళు. పక్కింటి ఉచ్చీరమ్మ అవ్వ రాత్రిళ్ళు వచ్చి గుమ్మంలో పడుకునేది. మొదటిసారి నాకు పదకొండేళ్ళు, దీపకు ఐదు. ఆ పదకొండేళ్ళ చేతులకు రొట్టె తడుతూ తిప్పడం చేతకాలేదు, విరిగిపోయేది. అందుకని నాలుగు దెబ్బలు తట్టి, ఆగి, రెండు చేతులతో మెల్లగా తిప్పుకునేదాన్ని. దీప నా తొడ మీద తల పెట్టుకుని రొట్టె కోసం చూస్తూ చూస్తూ నిద్రపోయేది. తర్వాత లేపి తినిపించేదాన్ని. చేతులు పెద్దవయ్యాయి గానీ అలవాటు పోలేదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. కోపంగా మొదలుపెట్టి, మెల్లగా ముగించాను. అమ్మ పీలికలన్నీ ఒక చోట కుప్ప చేసింది. కుప్పను చేత్తో అణిచింది. నా మాటకు అమ్మకు ఎంత నొప్పి కలిగిందో నాకు కనబడుతూనే ఉంది, అయినా అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మే పిండి కలిపింది. ముద్దలు చేసి పీట నా ముందుకు జరిపి, తను ఫోన్ పట్టుకుని గోడకు చేరగిలబడి కూర్చుంది. "నువ్వు తట్టు. నేను పట్టుకుంటా" అంది. దీప నిద్రపోయిన తర్వాత కూడా చాలాసేపు ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. పాప మెడ నల్లబడింది, ఎండలో తలకు గుడ్డ కట్టుకోదా అంది.

శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం మియురా మేడం చూసి పోతే డాక్టరుకు చెబుతుంది, శనివారం పిల్లలు దిబ్బల మీదికి పోతారు. నేను పొద్దున్నే ఆదోనికి పోవలసి వచ్చింది. శ్రావణ శుక్రవారాల జాకెట్లకు లైనింగు గుడ్డ అయిపోయింది, ఎమ్మిగనూరులో ఆ రంగులు దొరకలేదు. మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకున్నాను. అంగళ్ళు తిరిగి బస్సు ఎక్కేసరికి మూడు దాటింది, ఆకాశం నల్లబడింది. పోయిన నెలంతా రా రా అని మొక్కినా రాని వాన, ఆ రోజే రావాలా? సగం దారిలో వంక పొంగి రోడ్డు మీదికి వచ్చింది. బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు.

ఈరేష్‌కు ఫోన్ చేస్తే ఉరుకుందలో ఈరన్న స్వామి దర్శనానికి తీసుకుపోయిన జనం ఇంకా బయటికి రాలేదన్నాడు. అమ్మకు చేశాను. ఈ పూట నువ్వే తట్టాలి, వేరే దారి లేదు అన్నాను.

"నాతో కాదు మే" అంది అమ్మ. "దానికి నా సెయ్యి గుర్తు లేదు."

గుర్తు లేకపోతే గుర్తు చెయ్యి అన్నాను. కోప్పడినట్టే అన్నాను, కానీ ఫోన్ పెట్టేశాక బస్సు కిటికీకి తల ఆనించి ఏడ్చాను. పక్క సీటు ముసలమ్మ, పంట మునిగిందా తల్లీ అని అడిగింది. లేదవ్వా, మా చెల్లెలికి నిద్ర రావాలి అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి కూర్చుంది. ఆరున్నర అయింది, ఏడు అయింది. వంక దిగలేదు. అమ్మకు మళ్ళీ చేయాలని ఎంత అనిపించినా చేయలేదు. అక్కడ చప్పుడు ఆగిపోతుందని.

నేను ఇల్లు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. పొయ్యి ఆరిపోయింది. అమ్మ దాని ముందే కూర్చుని ఉంది, మోచేతుల దాకా పిండి. పక్కన రొట్టెలు ఒకదాని మీద ఒకటి, కూర్చున్న మనిషి మోకాలి ఎత్తు. సంచి పిండీ, డబ్బా పిండీ అన్నీ అయిపోయాయి.

గుడ్డల మూట కింద పడేసి, నిద్రపోయిందా అని అడిగాను.

"ముందు కండ్లు మూసుకునింది" అంది అమ్మ. "నిద్ర గాదు. రెప్పలు కదులుతాండ్య. నేను తడితే నిద్ర రాలేదంటే నాకి నొప్పి అయితాదని, అట్ల కండ్లు మూసుకొని పండుకునింది. నాకి తెల్దా? నేను తెలిసీ తెల్దన్నట్ల తట్టుకుంటా పోయినా. ఆపలేదు. పిండి అయిపొయ్యేదంకా తట్టినా మే. ఆకరికి నోరు తెరిసింది. అప్పుడు వచ్చింది అసలు నిద్ర."

మియురా మేడం వచ్చినప్పుడు దీప గుర్రు పెడుతోందట. ఆమె దీప మొహం మీది జుట్టు తీసి, దుప్పటి సర్ది, ఫోన్ ముందుకు వచ్చి నడుము దాకా వంగి మా అమ్మకు దండం పెట్టిందట. అమ్మ పిండి చేతులతోనే తిరిగి దండం పెట్టిందట. మధుసూదన్ సార్ కూడా ఫోన్ చేసి, దీప దిబ్బల మీదికి పోతోంది, ఇంక ఎవరూ దాన్ని వెనక్కి పంపించరు అని చెప్పాడట.

నేను నేల మీద కూలబడి నవ్వాను. ఏడుపూ వచ్చింది. నువ్వు గెలిచావు కదమ్మా, ఇంకా ఆ మొహమేమిటి అన్నాను. అమ్మ నవ్వలేదు. పీట మీద మిగిలిన పొడి పిండిని వేలితో ఒక పక్కకు తోస్తూ కూర్చుంది.

"ఒగ మాట సెప్పు రేణుకా" అంది. "సుగ్గికి లారీ వచ్చినప్పుడు అది పండుకొనే ఉండ్య గదా, ప్రతి యాడాదీ? నేను ఒంగి సూసి, పాప నిద్దర్లో ఉండాది, ఏడ్సదులే అని ధైర్నంగా ఎక్కేదాన్ని. ఆ నిద్ర ఏ నిద్ర మే?"

లారీ హారను కొట్టినప్పుడు దీప నా లంగా అంచును ఎంత గట్టిగా పట్టుకునేదో నాకు తెలుసు. కళ్ళు మూసుకునే పట్టుకునేది. లారీ చప్పుడు ఊరు దాటిపోయేదాకా వదిలేది కాదు. పోయాక కూడా ఏడ్చేది కాదు, రొట్టె చేస్తావా అక్కా అని అడిగేది. ఇన్నేళ్ళలో అమ్మకు ఇది చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. చెప్పి ఏం లాభం, మళ్ళీ ఏడూ పోవలసిందే కదా. కానీ అడిగిన తర్వాత దాచడం నా వల్ల కాలేదు.

"కండ్లు తెరిస్తే నువ్వు లారీ ఎక్కవని దానికి తెల్సమ్మా" అన్నాను.

అమ్మ ఏడవలేదు. ఏడుస్తుందనుకుని దగ్గరికి జరిగాను. నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది, అరచేతి వైపు, వెనక వైపు, చిన్నపిల్ల చెయ్యి చూసినట్టు. సూదులు గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళను ఒక్కొక్కటే ఒత్తింది.

"దాన్ని నువ్వు నిద్ర పుచ్చినావు" అంది. "నిన్ను ఎవరు నిద్ర పుచ్చిరి మే?"

ఆ మాట నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. అట్లాగే పక్కకు ఒరిగి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. కాళ్ళకు బస్సులో అంటిన బురద ఉంది, అమ్మ చేతులకు పిండి ఉంది, ఇద్దరం లేచి కడుక్కోలేదు. ఉరుకుంద నుంచి ఈరేష్ వచ్చి తలుపు కొడితే, కొంచెం సేపు ఆగు నాయనా, రేణుక పండుకునింది అని అమ్మ చెప్పడం నాకు వినబడింది. నేను కళ్ళు తెరవలేదు.